యాభై నాలుగు

ఎమ్మిగనూరు రోడ్డులో, పెట్రోలు బంకు దాటినాక
బండి గమ్మున ఆగిపోయింది.
మీటరు మీద పసుప్పచ్చ బొమ్మ వెలిగింది,
చిన్న ఇంజను బొమ్మ.
నాకైతే పొదిగే కోడి మాదిరి కనపడుతుంది.
వెనక పత్తి లారీ ఒకటే హారను.
నేను దిగి తోయలేనని
ఆ డ్రైవరుకు ఎట్ల తెలుస్తుంది?

తోసింది ఉగ్గాని బండాయన.
"పెట్రోలు సూసుకోవద్దా తల్లీ" అన్నాడు.
పెట్రోలుంది. బ్యాటరీ ఉంది. నేనూ ఉన్నా.
లేనిదేదో దానికే తెలుసు,
చెప్పేకి నోరు లేదు, ఆ పసుపు కన్ను తప్ప.

ఈ నెలలో ఇది మూడోసారి.
మొదటిసారి షోరూముకు పోతే
ముందు చక్రాలు చూసినారు, తర్వాత నా కాలు చూసినారు.
"ఎనక రెండు చక్రాలు బయట ఏయించినారు,
వారంటీ పోయిందమ్మా."
రెండోసారి నేనే వైద్యం చేసినా.
ఆ దీపం మీద బొట్టుబిళ్ల అంటించినా,
ఎర్రది, పెద్దది.
నాలుగు రోజులు బండికి ఏ రోగమూ లేదు.

మౌలాలి దాన్ని గోటితో గీకి తీసి
నవ్వకుండా నా చేతిలో పెట్టినాడు.
"ఉంచుకోమ్మా, జిగట ఇంగా ఉంది."

పైటాల. ఆదోని ఎండలో
దీపం వెలిగిందీ ఆరిందీ ఎవరికి తెలుస్తుంది?
భుజం మీది తువ్వాల మీటరు మీద కప్పి
అందులో తల దూర్చినాడు,
పాతకాలం ఫోటో తీసే ఆయప్ప మాదిరి.
"నేను చెప్తా, నువ్వు రాసుకో."

రాయడం నా పనే.
మార్కెట్ యార్డులో కాటా పక్కన కూచుని
పదకొండేండ్లుగా పత్తి తూకం రాస్తున్నా,
తేమ ఎంత, తరుగు ఎంత, ఎవరి పేరు మీద.
కాటా చిట్టీ ఒకటి వెనక్కి తిప్పినా.

పొడుగు.
పొడుగు.
పొడుగు.
పొడుగు.
పొడుగు.
పొట్టి పొట్టి పొట్టి పొట్టి.
ఆగింది.
"మల్లా అదే" అన్నాడు తువ్వాల లోపలినుంచి.

పొడుగుకు పది, పొట్టికి ఒకటి.
నూనె మరకల నోటుబుక్కులో వేలు కిందికి జారి
ఒక చోట నిలిచింది.
"యాభై నాలుగు.
బండి పక్కకు పడిందా లేదా అని సూసే సెన్సారు.
పడిందనుకుంటే ఇంజను ఆపేస్తాది, మంట పుట్టకుండా."

"పడలేదు కదన్నా."

"యాడ పడింది!
ఎల్డింగు పెట్టినోడు దీని పట్టీ పీకి
మల్లా రొంత వంకరగా బిగించినాడు.
గుంతలో కుదిపినప్పుడల్లా
పడిపోయినా అనుకుంటాది, పాపం."

పాపం అన్నది దాన్నే.
అయినా నేను చిట్టీలోకి తల దించుకున్నా.

మా నాయన ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని
నాకు ఉరుకుందమ్మ అని పేరు పెట్టినాడు.
రెండేండ్లకు జ్వరమొచ్చి కాలు చచ్చింది.
బడిలో పిల్లోండ్లకు అంతకంటే ఏం కావాల?
ఉరుకు, ఉరుకుందా, ఉరుకు!
ఎడం చెయ్యి మోకాలికి ఆనించి నేను ఒక అడుగేస్తే
బజారులో, బస్టాండులో, పీర్ల పండగ గుంపులో
ఎవరో ఒకరు అరుస్తారు,
పడతావు, పడతావు, పడతావు.
ఎవరివో చేతులొచ్చి రెక్క పట్టుకుంటాయి.
నేను నడిచే తీరే ఇది అని చెప్పేలోపల
ఆపేస్తారు.

మౌలాలి సీటు పీకినాడు.
అగ్గిపెట్టె అంత నల్ల డబ్బా.
పక్కన సగం నీళ్ల బాటిలు అడ్డంగా పెట్టి
నీళ్ల గీతను చూస్తా చూస్తా
ఒక వాషరు తీసి రెండు ఏసినాడు.
నూటెనభై అడిగి నూటయాభై తీసుకున్నాడు.
తాళం తిప్పితే పసుపు కోడి లేచి
రెండు క్షణాలు నన్ను చూసి పడుకుంది.

"మల్లా వెలిగితే?"
"లెక్కపెట్టు. నీకు రాదా ఏంది?"

యార్డు గేటు కాడ దిగుతుంటే
కొత్త హమాలీ పిల్లోడు మూట ఇసిరేసి ఉరికొచ్చినాడు,
"అయ్యో, పడతావక్కా!"

"యాభై నాలుగు" అన్నా.

వాడు నిలబడిపోయి, తల గోక్కొని,
"యా లాటుది?" అన్నాడు.